బడిలో తుపాకీ పేల్చే పిల్లవాడు: అక్కడిదాకా ఎలా వస్తాడు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికా పాఠశాలల్లో కాల్పులకు దిగే పిల్లలు ఎందుకలా తయారవుతారు, అది మానసిక రోగమా, వీడియో గేముల ప్రభావమా, తోటివాళ్ల వేధింపులా, పెంపకం లోపమా అన్నది మొదటిది. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి పక్కన అలాంటివాడు కూర్చుంటే ఎలా పోల్చుకోవాలన్నది రెండోది. నేను అమెరికాలో స్కూల్ సైకాలజిస్టుగా చాలాకాలం పనిచేశాను. ఏ విద్యార్థి నుంచైనా బెదిరింపు మాట వచ్చినప్పుడు దాన్ని పరిశీలించే బృందంలో కూర్చునేదాన్ని. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీ భయం సంగతి. అమెరికాలో హత్యకు గురవుతున్న బడి వయసు పిల్లల్లో పాఠశాలలో ప్రాణాలు కోల్పోయేవారు నూటికి ముగ్గురికి మించరు. మిగతావాళ్లు ఇళ్లలో, వీధుల్లో పోతున్నారు. పిల్లలకు భద్రమైన చోట్లలో బడి ఇప్పటికీ ఒకటి. పొద్దున్నే పిల్లవాణ్ణి బస్సు ఎక్కించేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక మొదటి ప్రశ్న. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుణ్ణి చంపి తామూ చనిపోయారు. ఆ తర్వాత అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి ఒక అధ్యయనం చేశాయి. దేశాధ్యక్షుణ్ణి కాపాడే సంస్థకు బడితో ఏం పని అనిపించవచ్చు. నాయకులపై దాడి చేసినవాళ్లు ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో అంతకుముందే లోతుగా పరిశీలించిన అనుభవం వాళ్లది. అదే పద్ధతిలో 1974 నుంచి 2000 వరకు జరిగిన 37 దాడులను, వాటికి పాల్పడిన 41 మందిని పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చారు. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే మాట ఒకటుంది: ఇలాంటి పిల్లవాడు ఇలా ఉంటాడని గీయగలిగిన రూపురేఖలేవీ లేవు. వాళ్లలో మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లున్నారు, తప్పినవాళ్లున్నారు. స్నేహితులున్నవాళ్లు, లేనివాళ్లు, తల్లిదండ్రులిద్దరి దగ్గర పెరిగినవాళ్లు, పరాయి ఇళ్లలో పెరిగినవాళ్లు కూడా ఉన్నారు. మూడింట రెండు వంతుల మందికి బడిలో క్రమశిక్షణ గొడవలు అసలే లేవు, ఉన్నా అరుదు. 41 మందీ మగపిల్లలే కావడం ఒక్కటే స్పష్టమైన పోలిక. దానితో ఎవర్ని పోల్చుకుంటాం?

మనిషి రకం కోసం వెతకడం మానేసి, అతను నడిచిన దారిని చూస్తే మాత్రం పోలికలు బయటపడతాయి. ఆ 41 మందిలో 98 శాతం మంది దాడికి ముందు ఏదో పెద్ద నష్టాన్నో ఓటమినో చవిచూశారు. 78 శాతం మంది అంతకుముందే ఆత్మహత్యకు ప్రయత్నించారు, లేదా దాని గురించి ఆలోచించారు. 93 శాతం మంది ప్రవర్తన దాడికి ముందే ఎవరో ఒకరిని కలవరపెట్టింది. ఉన్నట్టుండి మతి తప్పి తుపాకీ పట్టినవాడు దాదాపు ఎవరూ లేరు. వారాలు, నెలలు పట్టిన ప్రయాణం అది.

ఆత్మహత్య గురించిన ఆ అంకె దగ్గర ఆగాలి. ఈ దాడుల్ని మనం హత్యలుగానే చూస్తాం. చేసేవాడి వైపు నుంచి చూస్తే ఇవి చాలా వరకు పదిమందిని వెంట తీసుకుపోయే ఆత్మహత్యలు. బతకాలని లేదన్న నిరాశతో మొదలవుతుంది. అలాంటి నిరాశలో ఉన్న పిల్లలు ఎక్కువమంది తమనే తప్పుపట్టుకుంటారు, తమకే హాని చేసుకుంటారు. ఏ కొద్దిమందిలోనో ఆ ద్వేషం దిక్కు మార్చుకుంటుంది. 'నా బతుకు ఇలా కావడానికి వీళ్లే కారణం' అన్న ఆలోచన పుడుతుంది. 'వీళ్లు' అంటే నిజంగా బాధపెట్టినవాళ్లే కానక్కర్లేదు. ఆ బడి, ఆ ఊరు, తనకు దక్కనిదంతా దక్కిందని అతను అనుకునే ప్రతి ఒక్కరూ అందులో చేరతారు. అందుకే చనిపోయేవాళ్లలో అతనితో ఎన్నడూ మాట్లాడని పిల్లలు కూడా ఉంటారు. చావడానికి సిద్ధపడ్డవాణ్ణి శిక్ష భయపెట్టలేదు, గేటు దగ్గర తుపాకీతో నిలబడిన కాపలాదారుడూ భయపెట్టలేడు. కొలంబైన్‌లో సాయుధ అధికారి ఉన్నాడు. 2018లో 17 మంది బలైన ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌లాండ్ బడిలోనూ ఉన్నాడు.

వేధింపుల సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. ఆ నివేదికలోని 71 శాతం మంది తమను ఇతరులు ఏడిపించారని, హింసించారని భావించారు. కొందరి విషయంలో అది ఏళ్ల తరబడి సాగిన నరకం. కానీ బడిలో ఏడిపింపులు పడని పిల్లలు ఎంతమంది ఉంటారు? కోట్లమంది పడతారు, తుపాకీ జోలికి పోరు. దాడి చేసినవాళ్లలో కొందరు తామే ఇతరులను ఏడిపించినవాళ్లు. కొలంబైన్ జరిగిన వారంలో పత్రికలు దాన్ని క్రీడాకారుల చేతుల్లో అవమానాలు పడ్డ ఇద్దరు వెలివేతగాళ్ల ప్రతీకారంగా రాశాయి. తర్వాత బయటపడిన వాళ్ల రాతలు వేరే కథ చెప్పాయి. ఒకడి డైరీ నిండా తన మీద తనకున్న అసహ్యం, చావు కోరిక. రెండోవాడి రాతల నిండా మనుషులందరి మీదా చులకన, తానే గొప్ప అన్న అహం. వాళ్ల అసలు పథకం భోజనశాలలో బాంబులు పేల్చి వందలమందిని చంపడం, అవి పేలలేదు. ఫలానా వ్యక్తి మీద పగ తీర్చుకోవాలనుకునేవాడు ఇలా ప్లాన్ వేయడు.

అవమానం ఎంత పెద్దదన్న దానికంటే ఆ పిల్లవాడు దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మగపిల్లలకు మనం నేర్పే కొన్ని పాఠాలు ఇక్కడ విషమవుతాయి. మగవాడు ఏడవకూడదు, ఓడిపోకూడదు, తనకు రావలసిన గౌరవం రాకపోతే ఊరుకోకూడదు. దుఃఖాన్ని చెప్పుకునే భాష ఇవ్వకుండా కోపానికి మాత్రం అనుమతి ఇస్తున్నాం. ఇదే వయసు ఆడపిల్లలకూ నిరాశ ఉంది, ఏడిపింపులున్నాయి, ఆత్మహత్య ఆలోచనలూ ఉన్నాయి. కాల్పులు జరిపినవాళ్లలో వాళ్లు అత్యంత అరుదు. మెదడు నిర్మాణంతోనే దీన్నంతా వివరించవచ్చని నేను నమ్మను.

మానసిక రోగం విషయంలో గట్టిగా చెప్పదలచుకున్నాను. దాడి చేసిన కొందరికి తీవ్రమైన మానసిక వ్యాధి ఉంది, లేనిపోని గొంతులు వినిపించినవాళ్లూ ఉన్నారు. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని చంపిన విద్యార్థి వల్ల అతనికే ప్రమాదం ఉందని, చికిత్స తీసుకోవాలని 2005లోనే న్యాయాధికారి ఆదేశించారు. అయినా తుపాకీ కొనేటప్పుడు జరిగే తనిఖీలో అది పట్టుబడలేదు. అంతమాత్రాన రోగమే కారణమంటే లెక్క తేలదు. 2002 నివేదికలోని వాళ్లలో దాడికి ముందు మానసిక వ్యాధి నిర్ధారణ అయినవాళ్లు 17 శాతమే. కుంగుబాటు, స్కిజోఫ్రేనియా ప్రపంచంలో అన్ని దేశాల్లోనూ ఉన్నాయి, బడుల్లో కాల్పులు మాత్రం ఒక దేశంలో పేరుకుపోయాయి. మానసిక వ్యాధి ఉన్నవాళ్లు హింస చేయడం కంటే హింసకు గురికావడమే ఎక్కువ. ప్రతి సంఘటన తర్వాత టీవీలో 'పిచ్చివాడు' అన్న మాట వినిపించినప్పుడల్లా, ఎక్కడో ఒక కుర్రవాడు తన బాధను డాక్టరుకు చెప్పాలన్న ఆలోచన మానుకుంటాడు. అది నాకు కోపం తెప్పిస్తుంది.

వీడియో గేముల గురించి రెండు మాటలు చాలు. అదే నివేదికలో హింసాత్మక గేముల మీద ఆసక్తి చూపినవాళ్లు 12 శాతం. జపాన్, దక్షిణ కొరియా పిల్లలు ఆ గేములు తక్కువేమీ ఆడరు.

ప్రభావం నిజంగా ఎక్కడుందంటే, ముందు జరిగిన దాడుల్లో ఉంది. కొలంబైన్ ఒక నమూనా అయిపోయింది. 2007లో ఫిన్లాండ్‌లోని యొకెలాలో, మరుసటి ఏడాది కౌహయొకిలో కాల్పులు జరిపిన యువకులు కొలంబైన్‌ను ఆరాధించినవాళ్లే. నిరాశలో కూరుకుపోయిన పిల్లవాడి ముందు ఆ నమూనా ఒక దారి పరుస్తుంది: నువ్వు ఎవరికీ పట్టని కుర్రాడివి, ఇది చేస్తే ప్రపంచమంతా నీ పేరు పలుకుతుంది. బాధకు అర్థం, చావుకు గుర్తింపు, రెండూ ఒకేసారి ఇస్తానంటుంది. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లో గుంపు హింస గురించి చెప్పిన సిద్ధాంతం ఇక్కడ బాగా అతుకుతుంది. మొదటి రాయి విసరడానికి చాలా తెగింపు కావాలి, నూరో రాయి విసరడానికి అంత అక్కర్లేదు. తొలి దాడులు చేసినవాళ్లలో ఉన్నంత తీవ్రమైన మానసిక వికారం తర్వాతి వాళ్లలో లేకపోయినా సరిపోతుంది, దారి ముందే వేసి ఉంది కాబట్టి. అమెరికా పరిశోధకులు 2015లో ప్రచురించిన విశ్లేషణలో ఒక బడి కాల్పుల ఘటన తర్వాత సగటున 13 రోజులపాటు మరొకటి జరిగే అవకాశం పెరుగుతుందని తేలింది. ఈ సమాధానంలో నేను ఏ హంతకుడి పేరూ రాయకపోవడానికి కారణం ఇదే. దయచేసి మీ ఇంట్లో కూడా ఆ పేర్లు పలకకండి.

సమాజం పాత్ర గురించి క్యాథరిన్ న్యూమన్ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన పని నాకు చాలా నేర్పింది. 1997లో కెంటకీ రాష్ట్రం వెస్ట్ పడూకాలో, 1998లో ఆర్కన్సా రాష్ట్రం జోన్స్‌బరో దగ్గర జరిగిన దాడుల తర్వాత ఆమె బృందం ఆ ఊళ్లకు వెళ్లి జనంతో మాట్లాడింది. ఇలాంటి దాడులు మహానగరాల కంటే అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊళ్లలో, శివార్లలో ఎందుకు ఎక్కువ? పెద్ద నగరంలో ఒక గుంపు తోసేస్తే మరో గుంపు దొరుకుతుంది. చిన్న ఊళ్లో బడే సర్వస్వం. అక్కడ పనికిరానివాడని ముద్ర పడితే ఇక ఎక్కడా చోటు లేదనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఆమె చూపించింది. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లోనే చెప్పవలసిన మాట గొంతులో ఆగిపోతుంది. ఫలానావారి అబ్బాయి గురించి చెడుగా చెబితే రేపు వాళ్ల మొహం ఎలా చూడాలి? ఇంగ్లిష్ ఉపాధ్యాయుడికి ఆ పిల్లవాడి వ్యాసంలోని రక్తపాతం తెలుసు, బస్సు డ్రైవరుకు ఏడిపింపులు తెలుసు, స్నేహితుడికి తుపాకీ మాట తెలుసు, తల్లికి అతను నిద్రపోవడం లేదని తెలుసు. ఈ నలుగురూ ఒక్కసారి కూడా ఒక్కచోట కూర్చోరు. పాత తప్పులు కొత్త తరగతిలోకి వెంటరాకూడదని మంచి మనసుతోనే బడులు సమాచారాన్ని దాస్తాయి. ఆ మంచితనం వల్లే బొమ్మ ముక్కలుగా మిగిలిపోతుంది.

బడి నుంచి గెంటేస్తే పీడ పోతుందనుకునేవాళ్లకు జర్మనీలోని ఎర్ఫుర్ట్ గురించి చెబుతాను. 2002 ఏప్రిల్ 26న అక్కడ 16 మందిని చంపిన 19 ఏళ్ల యువకుణ్ణి ఆ బడి కొన్ని నెలల ముందే బహిష్కరించింది. అప్పటి రాష్ట్ర నిబంధనల ప్రకారం, అన్నేళ్లు చదివినా అతని చేతికి ఏ అర్హతా రాలేదు. ఇంట్లో చెప్పుకోలేక రోజూ బడికి వెళ్తున్నట్టే బయలుదేరేవాడు. తల్లిదండ్రులకు తెలియనే తెలియదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఉపాధ్యాయులు. అతని నేరానికి ఇది సాకు కాదు. కానీ ఒక కుర్రవాణ్ణి బయటికి తోసి తలుపు వేసుకున్న తర్వాత అతను ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో చూసే కన్ను ఒక్కటీ మిగలదు. ఆ తర్వాత ఆ రాష్ట్రం తన నిబంధనలు మార్చుకుంది.

ఇన్ని చెప్పినా, చేతికి తుపాకీ అందకపోతే ఇవన్నీ కలిసినా ఈ రూపం తీసుకోవు. అమెరికాలో పౌరుల చేతుల్లో ప్రతి 100 మందికి సుమారు 120 తుపాకులున్నాయని 2017 నాటి అంతర్జాతీయ అంచనా. 2002 నివేదికలోని పిల్లల్లో 68 శాతం మంది తుపాకీని తమ ఇంటి నుంచో బంధువుల ఇంటి నుంచో తెచ్చుకున్నారు. 2009లో జర్మనీ వినెండెన్‌లో 15 మందిని చంపిన కుర్రవాడి చేతిలో ఉన్నది తండ్రి తాళం వేయకుండా ఉంచిన తుపాకీ. 2023 మేలో బెల్‌గ్రేడ్‌లో కాల్పులు జరిపిన 13 ఏళ్ల బాలుడు తెచ్చింది కూడా తండ్రి తుపాకులే. పద్నాలుగేళ్లవాడి ఆవేశానికీ ఆయుధానికీ మధ్య ఒక తాళం ఉంటే, ఆ ఆవేశం చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది. ఈ వయసులో ఆ వ్యవధే ప్రాణం నిలబెడుతుంది.

ఇవన్నీ ఒక్క ఉదయంలో కలిసిన ఘటన మిషిగన్ రాష్ట్రం ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్‌ది. 2021 నవంబర్ 26న తండ్రి 15 ఏళ్ల కొడుకు కోసం తుపాకీ కొన్నాడు. 29న ఆ పిల్లవాడు తరగతిలో ఫోనులో తూటాల కోసం వెతకడం ఒక ఉపాధ్యాయురాలు చూసింది. 30వ తేదీ ఉదయం లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ, నెత్తురు కారుతున్న మనిషి బొమ్మ, పక్కన మాటలు: ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి, నా బతుకు వ్యర్థం. బడి తల్లిదండ్రులను పిలిపించింది. వెంటనే కౌన్సెలింగ్ చేయించమని చెప్పింది. వాళ్లు కొడుకును ఇంటికి తీసుకెళ్లలేదు, తుపాకీ కొన్న సంగతి చెప్పలేదు. అతని సంచిని ఎవరూ తెరిచి చూడలేదు. తుపాకీ అందులోనే ఉంది. తరగతికి తిరిగి పంపారు. కొద్ది గంటల్లో అతను కాల్పులు జరిపాడు, నలుగురు విద్యార్థులు చనిపోయారు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు జైలుశిక్ష పడింది. సాయం చేయండి అని ఆ పిల్లవాడు రాతపూర్వకంగా అడిగాడు. ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లందరూ ఆ కాగితం చూశారు.

నేను పనిచేసిన బృందం దగ్గరికి కూడా ఇలాంటి కాగితాలు వచ్చేవి. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన డ్యూయీ కార్నెల్ 2001లో రూపొందించిన పద్ధతిని చాలా బడులు వాడుతున్నాయి. కోపంలో నోరు జారిన బెదిరింపునూ, వెనక ఉద్దేశం, సన్నాహం ఉన్న బెదిరింపునూ వేరు చేయడం అందులో మొదటి పని. ఎక్కువ బెదిరింపులు మొదటి రకానివే, అక్కడికక్కడే మాట్లాడి సర్దవచ్చు. రెండో రకం వస్తే ఉపాధ్యాయులు, కౌన్సెలర్, పోలీసు అధికారి, తల్లిదండ్రులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. నోటుపుస్తకంలో తోటివాళ్ల పేర్ల జాబితా రాసుకున్న ఒక కుర్రవాడు నాకు బాగా గుర్తున్నాడు. పోల్చుకోవడానికి వీలయ్యే వివరాలు చెప్పను. నువ్వు వీళ్లను చంపుతావా అని అడిగితే లేదనేవాడు, అక్కడితో సంభాషణ ముగిసేది. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగాను. చాలాసేపు బల్ల అంచును గోటితో గీకుతూ కూర్చుని, చనిపోయిన అన్న గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆ రోజే తాతగారి ఇంట్లోని తుపాకులు వేరే చోటికి వెళ్లాయి. వారంలోపు చికిత్స మొదలైంది. రోజూ ఉదయం ఒక ఉపాధ్యాయుడు అతన్ని పలకరించే ఏర్పాటు చేశాం. అతన్ని బడి నుంచి పంపించలేదు. చదువు పూర్తి చేసి వెళ్లాడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మౌనంగా ఉండే పిల్లవాణ్ణి, నల్ల దుస్తులు వేసుకునేవాణ్ణి అనుమానించమని మీ అబ్బాయికి చెప్పకండి. అది అన్యాయం, పైగా ఉపయోగం లేదు. మాటల మీద, మార్పు మీద దృష్టి పెట్టమనండి. 'రేపు బడికి రావద్దు' అని స్నేహితుణ్ణి హెచ్చరించడం, పాత దాడులు చేసినవాళ్లను మెచ్చుకోవడం, తుపాకీ ఫోటో చూపించడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, నేను లేకపోతే అందరికీ తెలిసొస్తుంది అనడం. 2002 నివేదిక ప్రకారం 81 శాతం దాడుల్లో కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. తెలిసినవాళ్లు చాలావరకు స్నేహితులు, తోటి విద్యార్థులు, తోబుట్టువులు. సీక్రెట్ సర్వీస్ 2021లో, ముందే ఆగిపోయిన 67 కుట్రలను పరిశీలించి మరో నివేదిక ఇచ్చింది. ఎవరో ఒకరు విన్న మాటను పెద్దవాళ్లకు చేర్చడం వల్లే అవి ఆగాయి, అలా చేర్చినవాళ్లలో తోటి విద్యార్థులే ముందున్నారు.

పిల్లలు ఎందుకు చెప్పరంటే, స్నేహితుణ్ణి పట్టించినవాడన్న పేరు వస్తుందని, లేదా పెద్దవాళ్లు నమ్మరని. మొదటి భయానికి మీరు జవాబు ఇవ్వవచ్చు: చెబితే అతనికి శిక్ష పడుతుందని కాదు, అతనూ బతుకుతాడని చెప్పండి. రెండో భయానికి జవాబు మీ ప్రవర్తనే. మీ అబ్బాయి ఏదైనా చెప్పినప్పుడు 'నీకెందుకు, చదువు చూసుకో' అన్నారంటే మరోసారి చెప్పడు. అతను స్నేహితుల ఇంటికి వెళ్లేముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని ఆ తల్లిదండ్రులను అడగండి. మొహమాటం వద్దు, అమెరికాలో చాలామంది అడుగుతారు.

మీ సొంత పిల్లవాడి గురించే దిగులు ఉంటే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నదైతే బయటికి వస్తుంది. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల సాయానికి పెట్టిన 988 నంబరుకు ఏ వేళలో ఫోన్ చేసినా మాట్లాడేవాళ్లుంటారు. బెదిరింపు మాట మీ చెవిన పడితే ఆ పిల్లవాణ్ణో వాళ్ల ఇంటివాళ్లనో మీరే నిలదీయకండి. సందేశం ఉంటే ఫోటో తీసి పెట్టుకుని అదే రోజు ప్రిన్సిపాల్‌కు, కౌన్సెలర్‌కు ఇద్దరికీ రాతపూర్వకంగా పంపండి. ప్రమాదం దగ్గరలోనే ఉందనిపిస్తే, తుపాకీ ప్రస్తావన ఉంటే, బడి జవాబు కోసం ఎదురుచూడకుండా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. మర్నాడు మళ్లీ బడికి ఫోన్ చేసి ఏం చేశారని అడగండి. గోప్యత కారణంగా వివరాలు చెప్పలేమంటారు, అది సబబే. బెదిరింపులను పరిశీలించే బృందం దీన్ని చూసిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి.